షి రాస్తే త్సు అవుతోంది!

ప్రశ్న: జపాన్‌లో కేర్‌గివర్ ఉద్యోగాలకు వెళ్లాలనుకునే అమ్మాయిలకు కావలిలో సాయంత్రం పూట జపనీస్ నేర్పిస్తున్నాను. ఒకమ్మాయి బాగా మాట్లాడుతుంది, చదువుతుంది, రాయమంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. కటకానాలో, అంటే పరాయి పేర్లూ మాటలూ రాసే జపనీస్ లిపిలో, షి రాస్తే త్సులా పడుతుంది. ఒక్కో అక్షరం వందసార్లు రాయిస్తే ఏడ్చేసింది. ఫోన్, ట్యాబ్ ఏమైనా పనికొస్తాయా?
– ఒక టీచర్, కావలి

జవాబు: ముందు ఆ వందసార్లు రాయించడం ఆపండమ్మా. చెయ్యి తప్పుగా తిరుగుతున్నప్పుడు వందసార్లు తిప్పితే ఆ తప్పే అలవాటైపోతుంది. పాపం, ఏడ్చిందంటే ఎంత టెన్షన్ పడి ఉంటుందో.

షి, త్సు రెండిట్లోనూ రెండు చిన్న గీతలు, ఒక పొడుగు గీత. షిలో చిన్నవి ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పొడుగుది కింది నుంచి పైకి లేస్తుంది. త్సులో చిన్నవి పక్కపక్కన ఉంటాయి, పొడుగుది పై నుంచి కిందికి దిగుతుంది. గీత ఎటు నుంచి ఎటు పోయిందో పుస్తకంలో అచ్చయిన అక్షరం చెప్పదు, ఫోన్ అక్కరకొచ్చేది అక్కడే. గీతలు ఒక్కొక్కటే వరసగా పడుతున్నట్టు చూపించే యాప్‌లు ఉచితంగానే ఉన్నాయి, అందులో నెమ్మదిగా చూసి, మనం చిన్నప్పుడు పలక మీద దిద్దినట్టు వెంటనే తెర మీద వేలితో దిద్దమనండి. ఇంకో పని, నోట్సు ఫోటో తీయడం కాదు, రాస్తున్నప్పుడు ఆ అమ్మాయి చెయ్యిని అర నిమిషం వీడియో తీసి ఇద్దరూ కలిసి చూడండి, గీత ఎక్కడ తిరగబడుతోందో అప్పుడు దొరుకుతుంది. గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో జపనీస్ చేతిరాత కూడా ఉంది కానీ, అది గుర్తుపట్టినంత మాత్రాన సరిగ్గా రాసినట్టు కాదు, వంకర రాతను కూడా సర్దుకుని చదివేస్తుంది.

కాంజీల (చైనా నుంచి వచ్చిన, ఒక్కోదానికీ ఒక అర్థం ఉండే అక్షరాలు) సంగతి వేరు. రోజువారీ వాడకానికని జపాన్ ప్రభుత్వం ఇచ్చిన జాబితాలోనే 2,136 ఉన్నాయి, అక్కడ పుట్టిన పిల్లలకే ప్రాథమిక బడిలో ఆరేళ్లలో 1,026 నేర్పిస్తారు. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో చేత్తో రాసే పేపరే లేదు, అన్నీ జవాబు ఎంచుకునే ప్రశ్నలే. కాబట్టి రాత రాలేదని ఆమె చదువు ఆపకండి, కాంజీలు టైప్ చేయించండి. రోమన్ అక్షరాల్లో కొడితే కానా (మాట పలికినట్టు రాసే అక్షరాలు) వస్తుంది, దాన్నుంచి కాంజీ ఎంచుకోవాలి. దీర్ఘమో ఒత్తో తప్పితే మాటే మారిపోతుంది: ఒబసాన్ అంటే పిన్ని, అత్త వరస, ఒబాసాన్ అంటే అవ్వ. కితే అంటే రా అని, కిత్తే అంటే తపాలా బిళ్ల. గడికీ గడ్డికీ తేడా తెలిసిన మన పిల్లలకు ఇది తొందరగానే పట్టుబడుతుంది.

చేతిరాత మొత్తం వదలొద్దు, ఫారాల్లో పేరు కటకానాలో రాయాల్సి వస్తుంది. లెక్కల గళ్ల పుస్తకం తీసుకుని, నాలుగు గళ్లు కలిపి ఒక పెద్ద గడిగా చేసి, రోజూ తన పేరు మాత్రం అందులో రాయించండి, పది నిమిషాలు చాలు. ఒకసారి తెలుగులో కూడా ఒక పేజీ రాయించి చూడండి. అక్కడా ఇంతే కష్టపడుతుంటే అది బద్ధకం కాదు, రాయడంలో వచ్చే డిస్‌గ్రాఫియా అనే ఇబ్బంది కావచ్చు, తెలిసిన నిపుణులకు చూపించమని ఇంట్లోవాళ్లకు మీరే నచ్చజెప్పండి.