ఢిల్లీ–టోక్యో విమానం: దూరం ఒకటే అయినా, వచ్చేటప్పుడు రెండు గంటలు ఎక్కువెందుకు?

ఢిల్లీ నుంచి టోక్యో ఎంత దూరం, పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ టైమ్‌లో అంత తేడా ఏంటి అని అడిగారు.

గ్లోబు మీద దారం లాగి కొలిస్తే టోక్యోకున్న రెండు ఎయిర్‌పోర్టుల్లో హనేడాకి సుమారు 5,860 కిలోమీటర్లు, నరిటాకి 5,900. కానీ విమానం ఆ దారం వెంబడి పోదు. ఆ గీత హిమాలయాలు దాటి నేరుగా టిబెట్ మీదుగా వెళ్తుంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకి దించాలి. టిబెట్‌లో నేలే చాలాచోట్ల 14,000 అడుగుల పైన ఉంటుంది, ఎక్కడికి దించుతాడు? ప్రయాణికుల ఆక్సిజన్ మాస్కులేమో కొన్ని నిమిషాలకే సరిపోతాయి. అందుకే మామూలుగా బంగ్లాదేశ్, మయన్మార్ వైపు వంగి, దక్షిణ చైనా మీదుగా జపాన్ చేరతారు. ఆ చుట్టంతా కలిపి 6,300 కిలోమీటర్లు అనుకుందాం.

ఇక గాలి. ఈ దారిలో పైన పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. విమానం సొంత వేగం గంటకి 900 కిలోమీటర్లు, గాలి 150 అనుకోండి. పోయేటప్పుడు 1,050, అంటే 6 గంటలు. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురై 750కి పడిపోతుంది, అంటే 8 గంటల 24 నిమిషాలు. విమానం రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, అక్కడ క్యూలో ఆగడం, పైకి లేవడం, కిందికి దిగడం కలిపి ఇంకో గంట వేసుకోండి. షెడ్యూళ్లలో పోవడానికి ఏడున్నర, రావడానికి తొమ్మిదిన్నర అటూఇటూ కనిపించేది ఇందుకే. చలికాలంలో గాలి ముదురుతుంది, తేడా పెరుగుతుంది. ఎండాకాలంలో జెట్ స్ట్రీమ్ ఉత్తరానికి జరిగి బలహీనపడుతుంది కాబట్టి తగ్గుతుంది.

చాలామంది తికమకపడేది టికెట్ మీది టైములతో. అవి ఎక్కడివక్కడి లోకల్ టైములు. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, ఏడాది పొడవునా అంతే. రాత్రి 8కి ఢిల్లీలో బయల్దేరి పొద్దున 7:10కి దిగితే గడియారం 11 గంటల 10 నిమిషాలంటుంది. మూడున్నర తీసేయండి, అసలు ప్రయాణం 7 గంటల 40 నిమిషాలు. తిరుగు టికెట్‌లో కలపాలి: పొద్దున 11కి ఎక్కి సాయంత్రం 5కి ఢిల్లీలో దిగితే ఆరు గంటలు కాదు, తొమ్మిదిన్నర.

డైరెక్ట్ దొరక్కపోతే మధ్యలో ఊరు చూసి ఎంచుకోండి. హాంకాంగ్ దాదాపు దారిలోనే ఉంది, రెండు విమానాలూ కలిపి 6,700 కిలోమీటర్లే. బ్యాంకాక్ మీదుగా 7,600. సింగపూర్ అయితే 9,500; మరీ చవగ్గా వస్తే తప్ప దండగ. రెండు వేర్వేరు టికెట్లు మాత్రం కొనకండి. మధ్యలో ఇమిగ్రేషన్ దాటి బ్యాగులు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి రావచ్చు, ఆ దేశం వీసా సంగతీ చూసుకోవాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే ఆ టికెట్ డబ్బులూ మీ నెత్తినే. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ పొగమంచు వల్ల తెల్లవారుజాము విమానాలకి ఆలస్యం మామూలే.

ధర ఒకటే అయితే హనేడా తీసుకోండి. ఊరి నడిబొడ్డుకి సుమారు 15 కిలోమీటర్లు. నరిటా 60, రైల్లో టోక్యో స్టేషన్‌కే దాదాపు గంట.