మియాటాకి పెద్ద కాలిపర్లు ఇప్పుడే వద్దు

మీ 1991 మాజ్దా మియాటా స్పోర్ట్స్ కారుకి (1.6 లీటర్ ఇంజిన్‌ది) రేస్ ట్రాక్ మీద కొన్ని ల్యాప్‌లకే బ్రేక్ పెడల్ మెత్తబడుతోందని, నాలుగు పిస్టన్ల కాలిపర్లు (బ్రేక్ ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు) కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. పెడల్ మెత్తబడితే ముందు అనుమానించాల్సింది బ్రేక్ ఫ్లూయిడ్ మరగడాన్ని. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది ప్యాడ్ల సమస్య. పాత ఫ్లూయిడ్ మొత్తం తీసేసి, ఎక్కువ వేడికి గానీ మరగని డాట్ 4 రకం ఫ్లూయిడ్ పోసి, బ్లీడ్ చేయండి, అంటే బ్రేక్ గొట్టాల్లో చిక్కిన గాలంతా బయటికి పంపండి. ట్రాక్ ప్యాడ్లు కూడా వేయండి.

అదీ చాలకపోతే 1.8 లీటర్ మియాటా రోటర్లకి, అంటే దాని బ్రేక్ డిస్కులకి మారండి. ముందు చక్రాలవి వ్యాసంలో 235 నుంచి 255 మిల్లీమీటర్లవుతాయి. మీ కాలిపర్లే సరిపోతాయి. వాటిని పట్టి ఉంచే బ్రాకెట్లు, ప్యాడ్లు మాత్రం 1.8వి కావాలి. వెనకవీ కలిపే మార్చండి, లేదంటే బ్రేకింగ్ భారం మరీ ముందుకి పోతుంది. చిల్లుల రోటర్లు మాత్రం దయచేసి వద్దు, ట్రాక్ వేడికి ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి.