చెవి కుట్టిన చోట కండ పెరిగితే

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. నిరుడు చెవికి రెండో కుట్టు కుట్టించాం. పుండు మానింది. మూడు నెలలకు తమ్మె వెనక కండ పెరగడం మొదలై ఇప్పుడు శనగగింజంత అయింది. దురద కూడా ఉంది. సున్నం పెట్టమని ఒకరు, కోయించమని ఒకరు చెబుతున్నారు. పత్యం ఏమైనా ఉందా? – ఓ తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: సున్నం మాట మరిచిపోండమ్మా. సున్నమైనా, నల్లజీడి రసమైనా చర్మాన్ని కాలుస్తాయి. కాలిన చోట మళ్లీ పుండు, అది మానుతూ మళ్లీ కండ. మీరు రాసినదాన్ని బట్టి అది కెలాయిడ్‌లాగే ఉంది. మామూలు మచ్చ ఉబ్బినా గాయం పడిన మేరకే ఉంటుంది, పోనుపోను అణుగుతుంది. కెలాయిడ్ మాత్రం గాయం హద్దు దాటి పక్క చర్మం మీదికి పాకుతుంది. గాయాన్ని పూడ్చే కొల్లాజెన్ తయారీ పని అయిపోయాక కూడా ఆగకపోవడమే దీనికి కారణం. అంటుకోదు, క్యాన్సర్ కాదు. వంకాయ, చేపలు, వేరుశనగ తినడం వల్ల రాదు, మానేస్తే పోదు.

ఉత్తగా కోయించి వదిలేస్తే మాత్రం చాలామందికి తిరిగొస్తుంది, ఒక్కోసారి మునుపటికంటే పెద్దగా. శనగగింజంత ఉన్నప్పుడు మొదట ఇంజెక్షనే మేలు. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను నాలుగు నుంచి ఆరు వారాలకోసారి నేరుగా గడ్డలోకే ఎక్కిస్తారు. మొదటిసారి గడ్డ రాయిలా ఉంటుంది కాబట్టి మందు సులువుగా ఎక్కదు, నొప్పి ఎక్కువ. మెత్తబడేకొద్దీ సులువవుతుంది. ముందు దురద తగ్గుతుంది, సైజు తర్వాత. ఒక సూదికే తగ్గలేదని మానేసేవాళ్లే ఎక్కువ. మందు పక్క చర్మంలోకి పోతే అక్కడ గుంటపడి తెల్లబారుతుంది. అందుకే చర్మవ్యాధుల డాక్టరు చేతనే వేయించండి.

తర్వాత ప్రెషర్ కమ్మ. తమ్మెను రెండువైపులా నొక్కిపట్టే క్లిప్పు ఇది. రోజుకు కనీసం 12 గంటలు, ఆరు నెలలకు తగ్గకుండా పెట్టాలి. బిగువు చూసుకోవడం ఇలా: తల ఊపితే జారితే వదులు. పెట్టిన పావుగంటకు తమ్మె పాలిపోయినా, నీలంగా మారినా, సలుపుతున్నా బిగువెక్కువ. అలాగే ఉంచితే చర్మం ఒరుసుకుని కొత్త పుండు పడుతుంది. స్నానానికి తీసి, తమ్మె పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టాలి. ఆ చెవికి బరువు జుంకీలు వద్దు.

ప్రశ్న: నాకు 28. ఛాతీ మీద మొటిమ గిల్లిన చోట చిటికెన వేలంత కెలాయిడ్ వచ్చింది. సిలికాన్ షీట్ వాడమన్నారు. ఈ ఎండలకు చెమట పట్టి ఊడిపోతోంది, కింద చెమటకాయలు. – ఓ పాఠకుడు, ఆదోని

జవాబు: షీట్ తప్పు కాదు, వాడే వేళ తప్పు. పగలు ఎండలో తిరిగేటప్పుడు తీసేయండి. సాయంత్రం స్నానం చేసి, ఫ్యాను కింద ఒళ్లు ఆరాక అంటించుకుని పొద్దున దాకా ఉంచండి. షీట్‌కు కావలసిన పన్నెండు గంటలు దానికదే వస్తుంది. మొదటి రెండ్రోజులు నాలుగేసి గంటలతో మొదలుపెట్టి పెంచండి. గడ్డకు చుట్టూ అర సెంటీమీటరు ఎక్కువుండేలా కత్తిరించండి. కింద నూనె, పౌడరు, క్రీము ఏదీ ఉండకూడదు, అంటుకోదు. షీట్‌ను రోజూ తేలికపాటి సబ్బుతో కడిగి గాలికి ఆరబెట్టండి. తువ్వాలుతో తుడిస్తే నూలుపోగులు పట్టి జిగురు చస్తుంది. చెమటకాయలు వస్తే రెండు మూడు రోజులు ఆపండి. పగటిపూట సిలికాన్ జెల్ పల్చగా రాసుకోవచ్చు. ఆరాకే చొక్కా వేసుకోండి.

కనీసం మూడు నెలలు వాడితేగానీ తేడా తెలియదు. ముదిరిన గడ్డను షీట్ ఒక్కటే కరిగించదు. ఇంజెక్షన్‌తో కలిపి వాడాలి. ఛాతీ చర్మం ఎప్పుడూ లాగబడుతూ ఉంటుంది కాబట్టి అక్కడి కెలాయిడ్ మొండిది. దండీలు, బెంచ్ ప్రెస్ కొన్నాళ్లు ఆపండి. మెడగొలుసు, బిగుతు బనియన్ రాసుకోకుండా చూడండి. దురద పుడితే గీరకుండా తడిగుడ్డ ఐదు నిమిషాలు వేయండి. ఇంకో మాట: కొత్త మొటిమలు ఆపకపోతే ఈ బాధ తీరదు. 2.5 శాతం బెంజోయిల్ పెరాక్సైడ్ రాసి కాసేపటికి కడిగేయండి. బట్టలకు అంటితే రంగు పోతుంది, జాగ్రత్త.

ప్రశ్న: మా ఆయనకు భుజం మీద కెలాయిడ్ ఉంది. పాపకు పదకొండో నెల. చెవులు కుట్టించవచ్చా? – అనంతపురం

జవాబు: కుట్టించవచ్చు. ఈ తత్వం కుటుంబాల్లో వస్తుంది గానీ, పదకొండేళ్లు దాటాక కుట్టించుకున్నవారిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. తమ్మెకే కుట్టించండి, పైనున్న మృదులాస్థి జోలికి పోవద్దు. శుద్ధిచేసిన సూదితో కుట్టించి, బంగారు తీగ పెట్టించండి. నికెల్ కలిసిన గిల్టు కమ్మలు పడకపోతే పుండు తెమలదు, తెమలని పుండు మీదే కండ పెరుగుతుంది. రెండో కుట్టు మాత్రం పెద్దయ్యాక తను అడిగినా వద్దనే చెప్పండి, క్లిప్పు కమ్మలు బోలెడున్నాయి.