ఇంజిన్ మార్చిన పాత వ్యాను అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పాలా?

బాగా చూసుకున్న పాత క్యాంపింగ్ వ్యాను అమ్ముతున్నారు, ఇంజిన్ మార్చిన సంగతి బయటపెడితే ధర పడిపోతుందా అని మీ అనుమానం. చెప్పండి. కొనేవాళ్లు అడగకముందే ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) చేతిలో పెట్టి మరీ చెప్పండి. ఇంజిన్ మారిందని ఎవరూ పారిపోరు, ఇంజిన్ మీది నంబరు కాగితంతో కలవకపోతేనే పారిపోతారు.

మాది 1991 మోడల్ మెటడోర్. వెనక సీట్లు తీయించి మడత మంచం, పొయ్యి గట్టు, నీళ్ల డ్రమ్ము పెట్టించాం. పిల్లల సెలవులన్నీ అందులోనే గడిచాయి: పెంచలకోన, భైరవకోన, లెక్కలేనన్ని సార్లు మైపాడు బీచి. ఒకసారి శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటాక ఘాట్‌లో నీళ్లు మరిగి హెడ్డు పగిలింది. ఎన్ని మరమ్మతులు చేయించినా పొగ తగ్గలేదు. చివరికి తుక్కుకు పోతున్న అదే మోడల్ బండి నుంచి డీజిల్ ఇంజిన్ కొని నెల్లూరులో బిగించాం. రవాణా కార్యాలయంలో అనుమతి తీసుకుని ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించడానికి నాలుగుసార్లు తిరిగాను. "లోపలెక్కడో ఉండే నంబరు ఎవరు చూస్తారండీ?" అని మా ఆవిడ ఒకటే పోరు.

చూశారు. ఒంగోలు నుంచి ఒకాయన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను రెండు రోజులు పాలిష్ పట్టించిన బాడీ వైపు ఆ మెకానిక్ కన్నెత్తి చూడలేదు. డ్రైవరు పక్కనున్న ఇంజిన్ మూత ఎత్తి, కిరసనాయిలు గుడ్డతో మడ్డి తుడిచి, పల్చటి కాగితం అదిమి పెన్సిల్‌తో రుద్దాడు. నల్లటి మరకలోంచి తెల్లగా ఒక్కో అంకె తేలుతుంటే అతను చదవడం, ఆయన ఆర్‌సీలో వేలు పెట్టి చూసుకోవడం. అన్నీ కలిశాయి. నేను టీ చెప్పాను.

అప్పుడాయన బీమా కాగితం విప్పాడు. అందులో పాత ఇంజిన్ నంబరే ఉంది! ఏటా ఏజెంటు పాలసీ తెచ్చి ఇవ్వడం, నేను చదవకుండా బీరువాలో పెట్టడం. "మాస్టారూ, ఈ కాగితం ఒకటి చెబుతోంది, ఆ కాగితం ఇంకొకటి చెబుతోంది. రెంటికీ రాజీ కుదిర్చాక కబురు చేయండి" అని టీ తాగి వెళ్లిపోయాడు. అది దిద్దించడానికి తొమ్మిది రోజులు పట్టింది.

మళ్లీ వచ్చి 15 వేలు తగ్గించాడు. ఇంజిన్‌కు కాదు. ఈసారి మెకానిక్ గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే, తుప్పు అప్పడం ముక్కల్లా రాలింది. మైపాడు ఉప్పుగాలి పుణ్యం. పైన రంగుకు పెట్టిన డబ్బు కింద పెట్టి ఉండాల్సింది.

ఇంకో మాట, ప్రకటనలో 'వింటేజ్' అని రాయకండి. 2021 నిబంధనల ప్రకారం ఆ గుర్తింపు 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని సొంత వాహనాలకే. మంచం వేసి, ఇంజిన్ మార్చిన మన బండ్లు ఆ వరసలోకి రావు. ఆ మాట రాసినందుకు నాకు బేరాలు రాలేదు, వ్యాను పక్కన నిలబడి ఫోటోలు దిగే కుర్రాళ్లు వచ్చారు. ఫోనులో "చివరి ధర ఎంత?" అని అడిగి మాయమయ్యేవాళ్ల గురించి చెప్పనే అక్కర్లేదు.

బండి యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద కొనేవారి పేరు, తేదీ నింపాకే సంతకం పెట్టండి. పూర్వం నా స్కూటరును దళారికి ఖాళీ సంతకాలతో అప్పగించాను. ఎవరో హెల్మెట్ లేకుండా తిరిగితే చలానాలు మా ఇంటికి వచ్చేవి.

మొన్న ఆయన ఫోటో పంపాడు. కొత్తపట్నం బీచి ఇసుకలో మా వ్యాను, పొయ్యి మీద గిన్నె. వెంటనే ఫోన్ చేసి, ఇంటికి వెళ్లగానే అడుగుభాగం మంచినీళ్లతో కడిగించమన్నాను.