సైబీరియా వాక్యం కొట్టెయ్యమ్మా

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో మీ ఊరి గ్రంథాలయంలో నువ్వు చేయబోయే ప్రసంగం రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది, పేజీ పేజీకీ శ్రమ కనబడుతున్నది. అయితే చెరువులోని గూడబాతుల (పెలికన్ల) గురించి రాస్తూ, అవి "ఎక్కడో సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరి మన ఊరికి అతిథులుగా వస్తాయి" అన్నావు. ఆ వాక్యం కొట్టెయ్యమ్మా.

ఇదే మాట నేనూ ముప్పై ఏళ్ళ కిందట ఒక చెరువుకట్ట మీద మైకు పట్టుకుని చెప్పాను. సభ ముగిశాక, ముందు వరసలో కూర్చున్న ఒక యానాది పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "అయ్యా, గుడ్లు ఈడ పెట్టి, పిల్లల్ని ఈడ సాకే పిట్టకు సొంతూరు ఏదయ్యా?" అని మర్యాదగానే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి బస్సులో కూర్చుని ఆలోచిస్తే, ఆయన అడిగింది ప్రశ్న కాదు, జవాబే అని తెలిసింది.

గూడబాతు దక్షిణాసియా పక్షి. మన ప్రాంతంలో వానలు ఎక్కువగా ఈశాన్య ఋతుపవనాలవి కాబట్టి, అక్టోబరు తరువాత చెరువులు నిండి చేపలు పెరిగే వేళకు అది గూడు కట్టుకుంటుంది. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువులో, నీళ్ళలో నిలబడిన చెట్ల మీద, పిల్ల తన తల మొత్తం తల్లి గొంతుసంచిలోకి దూర్చి చేపలు తినడం ఒక్కసారి చూశావంటే దాన్ని విదేశీ అతిథి అనడానికి నీకు నోరు రాదు. 1976లో ఆ చెరువును అభయారణ్యంగా ప్రకటించడానికి కారణం కూడా ఆ గూళ్ళే. సైబీరియా వైపు నుంచి వచ్చేవీ ఉన్నాయి, కాదనను. చలికాలంలో పులికాటు సరస్సులో దిగే బాతుల్లో కొన్ని అక్కడివే. కానీ అవి ఇక్కడ మేత మేసి పోతాయే తప్ప గూడు కట్టవు. ఈ తేడా ఒక్కటి చెప్పగలిగితే నీ ప్రసంగంలో సగం పని అయినట్టే. ఏటా పత్రికలు ఈ రెండింటినీ కలిపేస్తూనే ఉన్నాయి, అది వేరే గొడవ.

అందుకని, ఊరికి తెలియనిదాన్ని ఊరికి చెప్పడానికి వెళ్తున్నానని అనుకోవద్దు. ఊరికి తెలిసిందేమిటో ముందు అడిగి, దానికి నువ్వు చదివింది జతచేసి, తిరిగి వాళ్ళ ముందు పెట్టు. కలివికోడి సంగతి చూడు. నెల్లూరులో సర్జనుగా పనిచేసిన జెర్డన్ దొర పేరు మీద శాస్త్రలోకంలో చలామణి అయ్యే ఆ పక్షి 1900 తరువాత ఎవరికీ కనబడలేదని, ఇక లేదని అనుకున్నారు. 1986లో కడప జిల్లా పొదల్లో మళ్ళీ దొరికింది. దాన్ని పట్టి చూపించినది అక్కడి వేటగాళ్ళే. వాళ్ళ నోట ఆ పక్షికి పేరు ఉండనే ఉన్నది.

మాటల విషయంలోనూ అంతే. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటును నువ్వు "అలుగు" అని రాశావు, మీ ఊళ్ళో దాన్ని కలుజు అంటారు. వేదిక మీద కలుజు అనే అను. చెరువు నీళ్ళు వదిలే మనిషితో ఒక పూట కట్ట మీద నడిచి, ఏ తూము కింద ఏ మాగాణి పారుతుందో అడిగి రాసుకో.

చరిత్ర భాగం గురించి నాకు ఎక్కువ ఫిర్యాదులు లేవు, ఒక్కటి తప్ప. అద్దంకి పండరంగని శాసనాన్ని ప్రస్తావించి, క్రీ.శ. 848 అని తేదీ వేసి, "తెలుగు పద్య శాసనాల్లో తొలి తరానిది" అని ముగించేశావు. వినేవాళ్ళకు అందులో దక్కేదేమిటి? తూర్పు చాళుక్యుల సేనాని పండరంగడు పండ్రెండు బోయ కొట్టాలు (బోయల స్థావరాలు) గెలిచిన సంగతి ఆ రాతి మీద తరువోజ పద్యంగా ఉన్నది. చివరన "కందుకూర్బెజవాడ గావించె మెచ్చి" అని ఉన్నది. కందుకూరును బెజవాడ అంత చేశాడని పండితులు దీన్ని చదువుతారు. వారం వారం మీవాళ్ళు బస్సెక్కి పోయి సరుకులు తెచ్చుకునే కందుకూరే అది. ఆ పాదాన్ని నెమ్మదిగా, రెండుసార్లు చదివి ఆగు. సభలో ఎవరో ఒకరు "మన కందుకూరేనా?" అని తప్పకుండా అంటారు. వాళ్ళను మాట్లాడనివ్వు.

రాతి మీద ఉన్నదాన్ని "శాసనం చెబుతున్నది" అను, అవ్వ చెప్పినదాన్ని "అవ్వ చెప్పింది" అను. మీ గుడిని కృష్ణదేవరాయలు కట్టించాడని నువ్వు రాసినది ఈ రెండో రకం. ఉదయగిరిని ఆయన జయించిన మాట నిజమే గానీ, దారిలో ఉన్న ప్రతి గుడినీ ఆయన ఖాతాలో వేస్తే ఎట్లా?

ప్రసంగం ముప్పావుగంటకు మించనివ్వకు. మిగతా సమయం పెద్దవాళ్ళది. వాళ్ళు చెప్పేటప్పుడు రాసుకోవడానికి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకో, నీ చేతిలో మైకు ఉంటుంది కదా. మార్చిన ప్రతి పంపితే చూస్తాను. సెలవుల లోపల ఒకసారి తెల్లవారుజామున చెరువు దగ్గరికి వెళ్ళిరా. ఎండ ముదిరితే గూడబాతులు వేటకు వెళ్ళిపోతాయి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి