వయనాడ్ కాఫీ దొర గురించి వెతకాలంటే ముందు వీలునామా, ఆ తర్వాతే భూమి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీ ముత్తాత తండ్రి ఇంగ్లీషు దొర, 1870ల్లో వయనాడ్‌లో ఆయనకి కాఫీ ఎస్టేట్ ఉండేదని ఇంట్లో చెప్పుకుంటారు, ఆ భూమి కాగితాలు, వీలునామా ఎక్కడ దొరుకుతాయి, అందులో మీకేమైనా హక్కు ఉంటుందా అని. మా అమ్మమ్మ వాళ్ళు గుంతకల్లు రైల్వే కాలనీ ఆంగ్లో ఇండియన్లు. వాళ్ళింట్లోనూ అచ్చం ఇదే కథ, దొర పేరొక్కటే వేరు. దాని వెనక పడి కొంత తవ్వాను కాబట్టి రాస్తున్నా.

అందరూ ముందు భూమి రికార్డుల మీద పడతారు. అలా చేయకండి. వయనాడ్ కాగితాలు ఒక్క చోట లేవు. గూడలూరు, దేవాల, పందలూరు ఉన్న ఆగ్నేయ వయనాడ్ 1877 దాకా మలబారు జిల్లాలో ఉండేది, అప్పుడు తెచ్చి నీలగిరిలో కలిపారు. ఆ నీలగిరి కూడా 1868కి ముందు కోయంబత్తూరు జిల్లాలోదే. అందుకని ఒకే ఎస్టేట్ తాలూకు కాగితాలు కొన్ని కోజికోడ్ రీజనల్ ఆర్కైవ్స్‌లో ఉంటే కొన్ని చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉండొచ్చు. ఎస్టేట్ పేరు, సుమారు ఏ ఏళ్ళు అన్నది తెలియకుండా వెళ్తే చేతులూపుకుంటూ తిరిగి రావాల్సిందే.

ఆ రెండూ తెలిసేది ఆయన చావు కాగితాల్లో. మద్రాసు ప్రెసిడెన్సీలో పోయిన దొరల వీలునామాలు, వీలునామా లేకపోతే కోర్టు ఇచ్చే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (పోయినవాడి ఆస్తి, అప్పులు చక్కబెట్టే అధికార పత్రం), వీటి నకళ్ళు లండన్‌కి పంపేవారు. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్ కింద ఉన్నాయి. వీలునామాల వరుస ఎల్/ఏజీ/34/29, ఆస్తుల జాబితాలు, లెక్కలు ఎల్/ఏజీ/34/27. మద్రాసు చర్చిల బాప్తిస్మం, పెళ్ళి, ఖననం రిజిస్టర్ల నకళ్ళు ఎన్/2 వరుసలో ఉంటాయి. లండన్ వెళ్ళక్కర్లేదు, చాలావరకు ఫైండ్‌మైపాస్ట్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో స్కాన్లు ఉన్నాయి, కాకపోతే డబ్బు కట్టాలి. ముందు ఫిబిస్ (బ్రిటిష్ ఇండియాలోని కుటుంబాల చరిత్ర వెతికే సంఘం) సైట్‌లో ఉచితంగా పేరు కొట్టి చూడండి. అక్కడ దొరక్కపోతే లేదని వదిలేయకండి, 1865 సక్సెషన్ చట్టం ప్రకారం జిల్లా జడ్జి కూడా ప్రొబేట్ (వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) ఇవ్వొచ్చు, మలబారు వైపు అయితే తలశ్శేరి కోర్టు గుర్తు పెట్టుకోండి. ఇంగ్లాండులో కూడా ఆయనకి ఏదైనా ఆస్తి ఉండి ఉంటే 1858 నుంచి ఏటా అచ్చయిన అక్కడి ప్రొబేట్ క్యాలెండర్‌లో రెండు మూడు లైన్లు ఉంటాయి, పోయిన తేదీ, ఊరు, వృత్తి, ఆస్తి విలువతో సహా. అది ఆన్‌లైన్లో ఉచితం.

కాగితం దొరికాక ఆస్తి ఎంత అని కాదు, అడ్మినిస్ట్రేషన్ ఎవరి చేతికి ఇచ్చారో చూడండి. భార్యకా, తమ్ముడికా, అప్పిచ్చినవాడికా? ఎవరూ ముందుకు రాకపోతే అడ్మినిస్ట్రేటర్ జనరల్ అనే సర్కారు అధికారి చేతిలోకి వెళ్ళేది. మా వాళ్ళ దొర విషయంలో అడ్మినిస్ట్రేషన్ తీసుకున్నది ఇంటివాళ్ళు కాదు, బాకీ రావాల్సినవాడు. జాబితాలో ఒక జీను, రెండు తుపాకులు, గోడ గడియారం, కాఫీ పళ్ళ తోలు తీసే పాత పల్పర్, గోదాములో కొంత కాఫీ, అంతే. భూమి లేదు! మా అమ్మమ్మ చెప్పిన రెండు వేల ఎకరాలు ఎక్కడా కనపడలేదు. ఖననం రిజిస్టర్లో మాత్రం ఠీవిగా కాఫీ ప్లాంటర్ అని ఉంది. జీతానికి పనిచేసే మేనేజర్‌నీ అసిస్టెంట్‌నీ కూడా అలాగే రాసేవారు, కాబట్టి ఆ ఒక్క మాట చూసి ఓనర్ అని తేల్చేయకండి. అసైలం ప్రెస్ వాళ్ళు మద్రాసులో ఏటా వేసిన ఆల్మనాక్‌లో (వివరాల పుస్తకం) ఎస్టేట్ల పట్టిక చూస్తే అసలు ఓనర్ ఎవరో, మేనేజర్ ఎవరో తేలిపోతుంది.

నిజంగా ఓనరే అయినా అక్కడ చాలా భూమి సర్కారు అమ్మింది కాదు, జన్మిల (మలబారు భూస్వాముల) దగ్గర కౌలుకి తీసుకున్నది, గూడలూరు వైపు ముఖ్యంగా నిలంబూర్ కోవిలకం అనే రాజకుటుంబానిది. పైగా తనఖాలు. ప్యారీ, ఆర్బత్‌నాట్ లాంటి మద్రాసు కంపెనీలు పంట మీద అప్పులిచ్చేవి. బోరర్ పురుగు, ఆకు తెగులు వచ్చి కాఫీ దెబ్బతిన్నాక ఆ అప్పులు తీర్చడం ఎవరి తరం కాలేదు. 1879-82 మధ్య వయనాడ్‌లో బంగారం పిచ్చి పట్టినప్పుడు లండన్‌లో పుట్టిన కంపెనీలకి ఎస్టేట్లు అమ్మేసి బయటపడ్డవాళ్ళూ ఉన్నారు. మీ వాళ్ళ ఎస్టేట్ పేరు ఆ ఏళ్ళలో హఠాత్తుగా మాయమైతే ముందు అక్కడ అనుమానించండి. 1864, 1866 రిజిస్ట్రేషన్ చట్టాలు వచ్చాయి కాబట్టి ఆ తర్వాతి తనఖా, అమ్మకం దస్తావేజులు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతకొచ్చు, మనం ఈసీ తీయించినట్టే, పేర్ల ఇండెక్స్ పట్టుకుని. పాత వాల్యూములు చెదలు పట్టాయనో, వేరే చోటికి పంపారనో అంటారు, ఓపిక పట్టండి.

ఇంకో మాట, కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. వీలునామాలో మీ ముత్తాత పేరు ఉండకపోవచ్చు, ఉన్నా కొడుకు అని ఉండకపోవచ్చు. అప్పటి దొరలు చాలామంది తమతో కాపురం చేసిన స్థానిక స్త్రీని ఇంటి పనిమనిషి అనే రాసి నెలకింత ఇవ్వమనేవారు, పిల్లల్ని పేరుతో మాత్రం చెప్పి వదిలేసేవారు. మా వాళ్ళ బాప్తిస్మం ఎంట్రీలో తల్లి దగ్గర ఒకే ఒక్క పేరు, అది కూడా బాప్తిస్మం ఇచ్చాక పెట్టిన క్రైస్తవ పేరు. ఆమె ఊరు, కులం, అమ్మానాన్నలు ఏమీ లేవు. దొర గురించి ఇన్ని కాగితాలు ఉన్నాయి, కొడుకుని పెంచి రైల్వేలో ఫైర్‌మన్ ఉద్యోగం దాకా తెచ్చిన మనిషి గురించి ఆ ఒక్క లైనే. నాకైతే వెతుకులాట మొత్తంలో అదే ఎక్కువ కోపం తెప్పించింది. అందుకే మీరు వీలునామాలో బంధువుల పేర్లే చదివి ఆపేయకుండా జీతం బాకీలు, సాక్షులు, నెలవారీ భత్యాలు అన్నీ చదవండి, ఆమె కనిపిస్తే అక్కడే కనిపించాలి.

హక్కు సంగతి అడిగారు. ఆశ పెట్టుకోకండి. కౌలు హక్కు ఏనాడో చేతులు మారి ఉంటుంది, గూడలూరు జన్మం భూముల (ఆ జన్మిల భూముల) మీద 1969లో తమిళనాడు చట్టమే చేసింది, ఆ వ్యాజ్యాలు దశాబ్దాలుగా కోర్టుల్లో నలుగుతున్నాయి. ఎవరైనా లాయరు మీ వారసత్వం రుజువు చేసి భూమి ఇప్పిస్తానని అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి. ఆయన పోయిన సంవత్సరం సుమారుగా తెలిస్తే ఇక్కడే రాయండి, ఏ వరుసలో చూడాలో చెప్తాను.