టెక్ సందేహాలు: ఒంటి గేరుతో కొండెక్కాలంటే వెనక ఎన్ని పళ్ళుండాలి?

ప్రశ్న: నా దగ్గర 27.5 అంగుళాల చక్రాల ఎంటీబీ (మౌంటెన్ బైక్) ఉంది. ముందు 42, 34, 24 పళ్ళ చైన్‌వీల్స్, వెనక 7 గేర్ల ఫ్రీవీల్ (వెనక చక్రం మీది పళ్ళ చక్రాల గుత్తి). వానాకాలం వచ్చిందంటే బురద పట్టేసి గేర్లు సరిగ్గా పడవు, సెట్ చేయించీ చేయించీ విసుగొచ్చింది. అన్నీ పీకేసి సింగిల్ స్పీడ్ చేసుకుందామనుకుంటున్నా. మామూలు రోజుల్లో గండిపేట వైపు తొక్కుతాను, ఆదివారాలు వికారాబాద్ దగ్గర అనంతగిరి మట్టిదారులు. షాపులో వెనక 16 పళ్ళది వేసుకో, స్పీడొస్తుంది అంటున్నారు. వేయించమంటారా?
- కొండాపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: 16 వద్దండి. ముందు 34 ఉంచుకుని వెనక 18తో మొదలుపెట్టండి, అనంతగిరి వెళ్ళడమే మీకు ముఖ్యమనుకుంటే 20. షాపువాళ్ళు చెప్పేది తారురోడ్డు మీద తొక్కేవాళ్ళకి సరిపోతుంది. కానీ ఒంటి గేరు సైకిల్‌కి గేరు ఎంచుకోవాల్సింది చదును రోడ్డు మీద ఎంత వేగం వస్తుందో చూసి కాదు, మీరు రోజూ వెళ్ళే దారిలో అన్నిటికన్నా గట్టి ఎత్తు ఏదుందో అది దిగకుండా, సీటు మీంచి లేచి నిలబడి తొక్కితే ఎక్కగలుగుతున్నారా లేదా అని చూసి. చదునులో వేగం తగ్గితే కాస్త ఆలస్యంగా ఇంటికొస్తారు, అంతే. ఎత్తు మీద గేరు బరువైతే మాత్రం మోకాళ్ళు దెబ్బతింటాయి. నేనూ మొదట్లో బరువైన గేరు పెట్టుకుని రెండు నెలలు మొండిగా తొక్కాను, మెట్లు దిగుతుంటే మోకాలిచిప్ప కింద సూది గుచ్చినట్టుండేది, వెనక రెండు పళ్ళు పెంచాక గానీ తగ్గలేదు. అందుకే ఈ విషయంలో ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇప్పుడు లెక్క. పాత 26 అంగుళాల చక్రాల కాలం నుంచీ ఒక కొండగుర్తు ఉంది: ముందు పళ్ళు వెనక పళ్ళకి రెట్టింపు ఉండాలి, అంటే 32కి 16. ఈ నిష్పత్తిని చక్రం అంగుళాలతో హెచ్చవేస్తే 52 వస్తుంది, దీన్నే గేర్ ఇంచులంటారు. చక్రం పెద్దదైనకొద్దీ అదే గేరు బరువెక్కుతుంది కాబట్టి నిష్పత్తి తగ్గించుకోవాలి. 29 అంగుళాల చక్రానికి 32కి 18 వేస్తే దాదాపు అదే 52 దగ్గరికి వస్తుంది. మీ 27.5కి 34ని 18తో భాగించి హెచ్చవేయండి, 51.9. మీ దగ్గరున్న మధ్య చైన్‌వీల్‌తోనే లెక్క కుదిరిపోతోంది, ముందు వైపు ఏమీ కొనక్కర్లేదు.

వీటికన్నా పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ ఎన్ని మీటర్లు ముందుకెళ్తుందన్నది తెలిస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. దానికి టైరు చుట్టుకొలత కావాలి. టైర్లో గాలి మీరు ఎప్పుడూ ఉంచుకునేంతే ఉంచి, వాల్వు సరిగ్గా కిందికి వచ్చేలా చక్రం నిలిపి, నేల మీద సుద్దతో గీత గీయండి. సైకిలెక్కి కూర్చుని, పక్కన ఒకరిని పట్టుకోమని, వాల్వు మళ్ళీ కిందికొచ్చేదాకా మెల్లగా జరిగి ఇంకో గీత గీయించండి. మీరు ఎక్కి కూర్చోవడం ముఖ్యం, బరువుకి టైరు కొంచెం అణుగుతుంది కదా. రెండు గీతల మధ్య టేపు పెట్టి కొలవండి, మీ చక్రానికి 2.15 మీటర్లు అటూ ఇటూగా వస్తుంది.

దాన్ని నిష్పత్తితో హెచ్చవేస్తే 34-18కి పెడల్ చుట్టుకి 4.06 మీటర్లు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 22 కిలోమీటర్లు, గండిపేట రోడ్డు మీద హాయిగా వెళ్ళే వేగం. ఎత్తు మీద నిలబడి 40 చుట్లతో మెల్లగా ఎక్కితే దాదాపు 10. అదే 34-20 అయితే 90 చుట్లకి 20 లోపే, కానీ ఎత్తు మీద పెడల్‌ని తొక్కాల్సిన బలం పదో వంతు తగ్గుతుంది. రెండే రెండు పళ్ళకి ఇంత తేడానా అనుకోకండి, రాళ్ళు తేలిన మట్టిదారిలో చివరి పది గజాలు ఎక్కుతామా దిగి నెడతామా అన్నది ఆ తేడాలోనే ఉంటుంది. ఇక షాపువాళ్ళు చెప్పిన 16 వేస్తే చుట్టుకి 4.57 మీటర్లు, 18 కన్నా ఎనిమిదో వంతు బరువు. అనంతగిరికి అది పనికిరాదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. గండిపేట రోడ్డు మీద గేర్ల సైకిళ్ళవాళ్ళు 30లో పోతుంటే వాళ్ళని అందుకోవాలంటే 18తో నిమిషానికి 120 చుట్ల పైన తొక్కాలి. ఎక్కువసేపు ఎవరివల్లా కాదు, వాళ్ళని పోనివ్వండి.

డబ్బు పెట్టకముందే పరీక్ష చేసుకునే దారి మీ సైకిల్లోనే ఉంది. 7 గేర్ల ఫ్రీవీల్ మామూలుగా 14, 16, 18, 20 అంటూ మొదలవుతుంది. మీదీ అదేనా అన్నది ఒక పన్నుకి నెయిల్ పాలిష్ చుక్క పెట్టి లెక్కపెట్టి చూసుకోండి. ముందు మధ్య చైన్‌వీల్, వెనక 18 మీద పెట్టేసి, షిఫ్టర్లకి, అంటే హ్యాండిల్ మీది గేరు మార్చే మీటలకి, టేపు చుట్టేసి, రెండు ఆదివారాలు అనంతగిరి, మధ్యలో వారమంతా గండిపేట తొక్కండి. ఏం జరిగినా గేరు మార్చొద్దు. మొదటి రోజు కష్టంగానే ఉంటుంది, రెండో ఆదివారం ఎలా ఉందన్నదే చూడండి. ప్రతి ఎత్తు దగ్గరా దిగాల్సొస్తుంటే 20కి మార్చి మళ్ళీ చూడండి. ఒకటీ అరా ఎత్తు దగ్గర దిగి నెట్టుకుంటే అందులో తప్పేం లేదు. 1970ల్లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్ళు పాత ఒంటి గేరు సైకిళ్ళని ట్యామల్‌పైస్ కొండ మీంచి మట్టిదారుల్లో దింపుతూ మౌంటెన్ బైకింగ్‌కి ప్రాణం పోశారు. ఆ బరువు సైకిళ్ళని పైకి మాత్రం నెట్టుకుంటూనో ట్రక్కులో వేసుకునో తీసుకెళ్ళేవాళ్ళు.

గేరు తేలాక బిగింపు. పాత ఫ్రీవీల్ విప్పించి 18 పళ్ళ ఒంటి ఫ్రీవీల్ వేయించండి. మామూలు సైకిళ్ళకి వచ్చే ఫ్రీవీల్ పళ్ళు మందంగా ఉంటాయి, మీ పాత గేర్ల చైను వాటి మీద కూర్చోదు. వెడల్పు చైను కూడా తీసుకోండి, అది ముందున్న సన్నటి పళ్ళ మీద కూడా నడుస్తుంది. ముందు మూడు చైన్‌వీల్స్ రివెట్లతో కలిపేసి ఉంటే విడదీయాల్సిన పనిలేదు, మధ్యదే వాడుకోండి. తర్వాత వెనక కూర్చుని ఒక కన్ను మూసి చూడండి, చైను ముందునుంచి వెనక్కి తిన్నగా రావాలి. వంకరగా ఉంటే గతుకుల్లో జారిపోతుంది. అప్పుడు ఇరుసు మీద వాషర్లు అటూ ఇటూ మార్పించి, రిమ్ముని మళ్ళీ ఫ్రేము మధ్యకి లాగించుకోవాలి. ఇది నిదానంగా చేసే మెకానిక్ దగ్గరే చేయించండి.

చైను బిగువు ఇంకో టెన్షన్. గేర్ల సైకిల్ ఫ్రేముల్లో చాలావాటికి వెనక చక్రం కూర్చునే గాడి నిలువుగా ఉంటుంది, చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించే వీలుండదు. దానికి టెన్షనర్ అని విడిగా దొరుకుతుంది గానీ, మీ పాత వెనక డీరైలర్‌నే (చైనుని ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే భాగం) ఉంచి, తీగ తీసేసి, దాని స్క్రూలు తిప్పి 18 పళ్ళకి సూటిగా వచ్చేలా నిలబెడితే, వెడల్పు చైను అందులోంచి రాసుకోకుండా తిరుగుతుంటే, అదే ఆ పని చేస్తుంది. బురద పట్టినా గేరు మార్చే పనే లేదు కాబట్టి మిమ్మల్ని విసిగించదు.

ప్రశ్న: నాది ఇప్పటికే సింగిల్ స్పీడ్. నిమిషానికి ఎన్ని చుట్లు తొక్కుతున్నానో తెలియడానికి కేడెన్స్ సెన్సార్ కొనాలా?
- విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అక్కర్లేదండి. మీకున్నది ఒకటే గేరు కాబట్టి, తొక్కుతున్నంతసేపూ వేగం తెలిస్తే చుట్లు తెలిసినట్టే. ఫోన్ జీపీఎస్‌లో వచ్చే వేగాన్ని 1000తో హెచ్చవేసి 60తో భాగిస్తే నిమిషానికి మీటర్లు వస్తాయి, దాన్ని పైన చెప్పిన చుట్టుకొలత, నిష్పత్తుల లబ్ధంతో భాగించండి. 4.06 మీటర్ల గేరులో 15 కిలోమీటర్లంటే దాదాపు 62 చుట్లు, 20 అంటే 82. ఫోన్‌లో ఒక షీట్ చేసి పెట్టుకుంటే చాలు. చెట్ల కింద మెల్లగా ఎక్కేటప్పుడు జీపీఎస్ వేగం ఎగిరెగిరి పడుతుంది, అక్కడ మాత్రం కుడికాలు కిందికొచ్చిన ప్రతిసారీ ఒకటి చొప్పున 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి.